రీఫండ్ ఫెయిల్: ఖాతా సరిచేశాక ఇంకో పని ఉంది

మీ దేవరకొండ టీచరమ్మ ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ ఎందుకు ఫెయిలైందని అడిగారు కదా అన్నా. కారణం బ్యాంకు ఖాతానే అయి ఉంటది. ఆమెది ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) ఖాతా అని రాశారు. తెలంగాణలోని ఆ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసినయి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఇంకా పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే (బ్యాంకు బ్రాంచిని గుర్తించే కోడ్) ఉండి ఉంటది. రిటర్న్‌లో తప్పేం లేదు, దాన్ని రివైజ్ (సవరించి మళ్లీ దాఖలు) చేయకండి.

1. బ్రాంచిలో అడిగి కొత్త కోడ్ తీసుకోండి.

2. మై ప్రొఫైల్‌లో మై బ్యాంక్ అకౌంట్ తెరిచి, కోడ్ మార్చి ఖాతాను రీవ్యాలిడేట్ చేయండి, అంటే మళ్లీ సరిచూడమని పంపండి. ఖాతాలో పేరు పాన్‌లో ఉన్నట్టే ఉండాలె. పెళ్లయినంక ఇంటిపేరు మారినోళ్లకు ఇక్కడే తిప్పలు.

3. వ్యాలిడేట్ అయినంక, రీఫండ్ ఈ ఖాతాకే రావాలని నామినేట్ చేయండి.

చాలామంది ఇక్కడితో ఆగి ఎదురుచూస్తుంటరు. ఒకసారి ఫెయిలైన రీఫండ్‌కు మనమే మళ్లీ అడగాలె.

4. సర్వీసెస్‌లో రీఫండ్ రీఇష్యూకు పోయి, ఆ సంవత్సరం, ఈ ఖాతా ఎంచుకుని రిక్వెస్ట్ పెట్టండి. దాన్ని కూడా ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేస్తేనే లెక్క. దానికి వచ్చే ఆధార్ ఓటీపీ ఆమె ఫోన్‌కే పోతది కాబట్టి, బడి విడిచినంక ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే మొదలుపెట్టండి.