చిగుళ్ల కణాలు పెంచే ల్యాబ్‌కి వెళ్లాలా, క్లినిక్ పెట్టుకోవాలా?

ప్రశ్న: బీడీఎస్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పీరియాడాంటిక్స్ (చిగుళ్ల వైద్యం) పోస్టింగ్‌లో ఉన్నప్పుడు, సర్జరీలో కోసి తీసేసిన చిగుళ్ల ముక్క నుంచి ల్యాబ్‌లో కణాలు పెంచడం మా సీనియర్ చూపించారు. మైక్రోస్కోప్‌లో అవి చూసినప్పటి నుంచి మనసంతా అటే ఉంది. టిష్యూ ఇంజనీరింగ్‌లో, అంటే కణాలతో శరీర కణజాలం తయారుచేసే రంగంలో, పీహెచ్‌డీకి అప్లై చేద్దామనుకుంటున్నాను. నాన్నేమో ‘పళ్ల డాక్టరు చదువు చదివి ల్యాబ్‌లో కూర్చుంటావా’ అంటున్నారు. ఇంతవరకు నేను సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచే పని) ముట్టుకోలేదు. ఈ దారి పట్టొచ్చా?

జవాబు: పట్టొచ్చు. కానీ పీహెచ్‌డీ అప్లికేషన్‌తో మొదలుపెట్టకండి. ముందు ఆరు నెలలు ఏదో ఒక సెల్ కల్చర్ ల్యాబ్‌లో చేతులతో పని చేయండి. అది చిగుళ్ల ల్యాబే కానక్కర్లేదు, చర్మమైనా ఎముకైనా ఫర్వాలేదు. ఎందుకంటే మీరు చూసింది మైక్రోస్కోప్‌లో ఒక్క నిమిషం. ఆ నిమిషం వెనక ఉన్న మూడు వారాలు మీరింకా చూడలేదు.

ఆ మూడు వారాలు ఎలా ఉంటాయో చెబుతాను. సర్జరీలో తీసిన ముక్కను మీడియంలో, అంటే కణాలకు పోషకాలు అందించే ద్రవంలో, వేసి ల్యాబ్‌కి తెస్తారు. నోరంటే సూక్ష్మజీవుల పుట్ట కదా. అందుకే చర్మం ముక్కకంటే దీన్ని ఎక్కువసార్లు యాంటీబయాటిక్ కలిపిన ద్రావణంలో కడగాలి, ఫంగస్ కోసం ఆంఫోటెరిసిన్ కూడా వాడాలి. తర్వాత ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి ప్లాస్టిక్ డిష్‌కి అంటుకునేలా పెడతారు. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డై ఆక్సైడ్. ఇక ఎదురుచూడటమే. రోజూ తలుపు తీసి చూడాలనిపిస్తుంది, తీయకూడదు. కొన్ని రోజుల తర్వాత ముక్క అంచు నుంచి కదురు ఆకారంలో ఫైబ్రోబ్లాస్ట్‌లు (కణజాలాన్ని పట్టి ఉంచే కొలాజెన్‌ను తయారుచేసే కణాలు) ఒక్కొక్కటే బయటికి పాకుతాయి. డిష్ నిండేసరికి చేపల గుంపులా అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. మీ సీనియర్ మీకు చూపించింది బహుశా ఈ దశే.

డిష్ 70, 80 శాతం నిండగానే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కణాలను ఊడదీసి కొత్త ఫ్లాస్క్‌ల్లోకి పంచాలి. దీన్ని పాసేజ్ అంటారు. ట్రిప్సిన్‌లో ఎక్కువసేపు ఉంచితే కణాలు దెబ్బతింటాయి, తక్కువసేపు ఉంచితే ఊడిరావు. రెండు మూడు రోజులకోసారి మీడియం మార్చాలి. ఆదివారమని, పండగని కణాలు ఆగవు. ఇంకో మాట, ఇవి ఎంతకాలమైనా పెరుగుతాయనుకోకండి. మామూలు మానవ ఫైబ్రోబ్లాస్ట్‌లు దాదాపు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే చూపించారు. అందుకే తొలి పాసేజ్‌ల్లోనే కొన్ని వయల్స్ (చిన్న సీసాలు) డీఎంఎస్ఓ అనే, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం కలిపి ఫ్రీజ్ చేసి లిక్విడ్ నైట్రోజన్‌లో దాస్తారు. దాచడం మరిచిపోయినవాళ్లు మళ్లీ కొత్త పేషెంట్ ముక్క కోసం చూస్తూ కూర్చోవాలి.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను రెండేళ్లు ఒక కల్చర్ ల్యాబ్‌లో పనిచేశాను. ఒకసారి మూడు నెలల కణాలు మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా పాలయ్యాయి. దానికి సెల్ వాల్ ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించదు. కణాలు ఎందుకో నీరసంగా పెరుగుతున్నాయనుకుంటూ గడిపేశాం. డీఎన్ఏను పట్టిచ్చే పీసీఆర్ పరీక్ష చేశాక అన్నీ పారేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. నా పక్క సీట్లో ఉన్నావిడ మాత్రం హుడ్ (కల్చర్ పని చేసే శుభ్రమైన గాలి పెట్టె) తుడుచుకుని మర్నాడు కొత్త ఫ్లాస్క్ మొదలుపెట్టింది. ఆవిడ ఇప్పటికీ ఆ పనిలోనే ఉంది, నేను మీకు జవాబులు రాస్తున్నాను! మీరు ఎవరిలాంటి వారో ఆరు నెలల్లో మీకే తెలిసిపోతుంది.

ఇక నాన్నగారి మాట. ఆయన అడిగిందాంట్లో న్యాయముంది, కానీ ల్యాబ్‌కి వెళ్తే క్లినిక్ వదిలేసినట్టే అనుకుంటున్నారు. అలా కాదు. చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడితే ఇప్పుడేం చేస్తున్నారో మీకు తెలుసు: అంగుడి (నోటి పైకప్పు) నుంచి ముక్క కోసి అక్కడ అతుకుతారు. ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం చేస్తున్నాం. అంగుడి నుంచి తీయగలిగింది కొంచెమే, పైగా పేషెంట్ ఎక్కువగా బాధపడేది అక్కడే. ఆ రెండో గాయం లేకుండా చేయడానికే ల్యాబ్‌లో ఇన్ని తంటాలు. ఆ నొప్పిని దగ్గర నుంచి చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఉట్టి బయాలజీ చదివినవాళ్లకు తట్టవు. ల్యాబ్‌లో పెంచిన ఈ పొర కుట్టు వేస్తే నిలుస్తుందా, చిరుగుతుందా? కింద రక్తనాళాలు అందేదాకా కణాలు బతుకుతాయా? ఆక్సిజన్ దానంతటదే కణజాలంలోకి చొచ్చుకుపోయేది సుమారు 100 నుంచి 200 మైక్రాన్ల దాకానే. అంతకంటే మందంగా కడితే లోపలి కణాలు చచ్చిపోతాయి. ఇలాంటివి ఎంఎస్సీ చేసిన కుర్రాడు పుస్తకంలో చదువుతాడు. మీకు ముక్క కోయడం, కుట్టడం చేతనవును. అది వదులుకోకండి. వారంలో ఒకటి రెండు రోజులు క్లినిక్‌లో ఉంటూ పరిశోధన చేసేవాళ్లు ఈ రంగంలో ఉన్నారు.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. ‘చిగుళ్ల టిష్యూ ఇంజనీరింగ్’ అన్న పేరుతో ఉద్యోగాలు చాలా తక్కువ. పరిశోధన మాత్రం జోరుగానే ఉంది. 2009లో చిగుళ్ల నుంచి మీసెంకైమల్ మూలకణాలను (ఎముక, కొవ్వు లాంటి వేర్వేరు కణాలుగా మారగలిగే కణాలను) వేరుచేసి చూపించాక చాలామంది చూపు ఇటు తిరిగింది. సర్జరీలో ఎలాగూ పారేసే ముక్క, తీసినచోట త్వరగా మానుతుంది, మచ్చ కూడా పెద్దగా పడదు. అయినా మార్కెట్ దాకా చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2012లో అమెరికాలో ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) అనుమతి పొందిన గింట్యుయిట్ అనే ఉత్పత్తి చిగుళ్ల చికిత్స కోసమే, కానీ అందులోని కణాలు చిగుళ్లవి కావు, చర్మానివి. నాకు ఇది భలే గమ్మత్తుగా అనిపిస్తుంది. మీకు ఇందులో ఒక పాఠం కూడా ఉంది: చర్మం మీద నేర్చిన పని చిగుళ్లకు, చిగుళ్ల మీద నేర్చింది కంటి కార్నియాకు, కార్టిలేజ్‌కు (మృదులాస్థికి) పనికొస్తుంది. కాబట్టి మీ సీవీలో ‘చిగుళ్లు’ కంటే ‘ప్రైమరీ సెల్ కల్చర్’ (నేరుగా కణజాలం నుంచి తీసిన కణాలను పెంచడం) అన్న మాట పెద్దగా కనిపించాలి.

ఫైబ్రోబ్లాస్ట్ దగ్గరే ఆగిపోకుండా పై పొర కణాలను, అంటే కెరటినోసైట్‌లను కూడా పెంచడం నేర్చుకోండి. ఇవి మొండి ఘటాలు. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు ఎలుక కణాల పరుపు మీద వీటిని పెంచే పద్ధతి కనిపెట్టేదాకా చాలామందిని ఏడిపించాయి. ఇవి చేతికొచ్చినవాళ్లను ఏ ల్యాబ్ అయినా పిలిచి మరీ తీసుకుంటుంది. స్టాటిస్టిక్స్ తప్పించుకోకండి, డెంటల్ చదివినవాళ్లు అక్కడే చతికిలపడుతున్నారు. కొలాజెన్ లాంటి స్కాఫోల్డ్ మెటీరియల్స్ (కణాలు పెరగడానికి ఆధారమిచ్చే పదార్థాలు) గురించి కొంత తెలిస్తే చాలు, మిగతాది పీహెచ్‌డీలో వస్తుంది. పరిశోధన మీద మోజు తీరిపోయినా దిగులు లేదు. కణాలతో చికిత్సలు తయారుచేసే కంపెనీల్లో క్లీన్‌రూమ్ తయారీ, క్వాలిటీ కంట్రోల్, అనుమతుల ఫైళ్లు చూసే విభాగం ఉంటాయి. అక్కడ కల్చర్‌లో చేయి తిరిగినవాళ్లే కావాలి.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. మీ సీనియర్‌ని అడిగి ఆ ల్యాబ్ హెడ్‌కి మెయిల్ రాయండి. ‘నాకు టిష్యూ ఇంజనీరింగ్ అంటే ప్యాషన్’ లాంటి వాక్యాలు వద్దు, అలాంటివి వాళ్లు రోజూ చదువుతారు. వారంలో ఏయే రోజులు రాగలరో రాయండి, సెలవు రోజుల్లో మీడియం మార్చడానికి వస్తానని రాయండి. కన్సెంట్ తీసుకున్న పేషెంట్ల నుంచి శాంపిల్ జాగ్రత్తగా తెచ్చి ఇవ్వగలనని కూడా చేర్చండి. ఆ చివరి వాక్యం చదివి చాలామంది హెడ్‌లు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.