గట్టి అల్లాయ్ స్టీల్ ప్లేట్‌లో డ్రిల్ బిట్లు కాలిపోతుంటే ఫీడ్ తగ్గించాలా?

ఫీడ్ (ఒక్కో తిప్పుకి బిట్ లోపలికి దిగే దూరం) జోలికి వెళ్లకండి, ముందు ఆర్పీఎం (నిమిషానికి బిట్ తిరిగే తిప్పులు) తగ్గించండి. మీరు చెప్పినదాన్ని బట్టి 40 మి.మీ. మందం 4140 రకం అల్లాయ్ స్టీల్ ప్లేట్, హీట్ ట్రీట్‌మెంట్ అయి గట్టిదనం సుమారు 30 రాక్‌వెల్ సీ ఉంది. మామూలు 12 మి.మీ. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ 800 ఆర్పీఎంలో పెడితే రెండో హోల్‌కే దాని మూలలు నల్లబడిపోయాయి. 800 అంటే బిట్ అంచు దగ్గర నిమిషానికి 30 మీటర్ల వేగం. మైల్డ్ స్టీల్‌కైతే సరే గానీ దీనికి అందులో మూడో వంతు చాలు, 10 మీటర్లకి లెక్కేస్తే 265 ఆర్పీఎం వస్తుంది.

నేను కూడా మొదట్లో బిట్ విరిగిపోతుందేమోనన్న టెన్షన్‌తో హ్యాండిల్‌ని మెల్లమెల్లగా నొక్కేవాణ్ణి. అలా చేస్తే బిట్ మెటల్‌ని కోయదు, ఊరికే రుద్దుతుంది. కీచుమని మోత వస్తుంది, చిప్స్ (కోతలో ఊడే మెటల్ ముక్కలు) బదులు పొడి రాలుతుంది, వేడంతా బిట్ మూలలకే ఎక్కుతుంది. కొన్ని బిట్లు పాడయ్యాక 265 దగ్గర పెట్టి, తిప్పుకి 0.15 మి.మీ. ఆటో ఫీడ్ ఇచ్చి చూశాను. రెండు వైపులా ఒకేలా మెలి తిరిగిన చిప్స్ బయటికొచ్చాయి, రంగు కూడా మారలేదు. హెచ్ఎస్ఎస్‌తో చిప్స్ నీలంగా వస్తున్నాయంటే వేగం ఎక్కువైనట్టే. ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే కార్బైడ్ బిట్‌తో అయితే నీలం చిప్స్ చూసి కంగారు పడక్కర్లేదు.

బిట్ కూడా మార్చండి. 5 శాతం కోబాల్ట్ ఉన్న ఎం35, 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ (కొన మధ్యలో కూడా కోసే అంచులున్నది) తీసుకోండి, అది జారకుండా దిగుతుంది కాబట్టి పైలట్ హోల్ అవసరం పడదు. చాలామంది ముందు 6 మి.మీ. హోల్ వేసి తర్వాత 12 దింపుతారు, అప్పుడు కోత మొత్తం బయటి మూలల మీదే పడుతుంది, మీ బిట్‌లో ముందు పోతున్నవి కూడా అవే కదా. కూలెంట్ ఆపకుండా పోయండి, మధ్యలో ఆపి ఆపి పోస్తే లాభం లేదు. చిప్స్ తీయడానికి బిట్ పైకెత్తొచ్చు గానీ, అడుగున ఊరికే తిరగనివ్వకండి.

ఆ ప్లేట్ గ్యాస్‌తో కోసినదైతే అంచులు మిల్లింగ్ చేసేటప్పుడు (తిరిగే కట్టర్‌తో చెక్కేటప్పుడు) జాగ్రత్త. మంట తగిలిన చోట పైపొర మిగతా ప్లేట్ కంటే చాలా గట్టిపడుతుంది. నేను ఒకసారి 0.3 మి.మీ. చొప్పున పైపైన గీకబోయి కట్టర్‌కి బిగించిన నాలుగు ఇన్సర్ట్‌ల (చిన్న కార్బైడ్ పలకల) మూలలూ పోగొట్టుకున్నాను. అదే అంచు మీద వేగం తగ్గించి ఒకేసారి 2 మి.మీ. లోతు పెడితే కట్టర్ ఆ పొర కిందికి వెళ్లి హాయిగా కోసింది. ప్లేట్‌ని మాత్రం క్లాంప్‌లతో గట్టిగా బిగించండి, కాస్త కదిలినా చాటర్ (కట్టర్ అదరడం) మొదలై కార్బైడ్ అంచు పెచ్చులూడిపోతుంది.