ఏడాది కంపెనీ శిక్షణ: చేరేముందు, చేరాక

‘చదువు–కొలువు’ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దక్షిణ ఒడిశా నుంచే. డిగ్రీ అవగానే కంపెనీలో ఏడాది శిక్షణకు వెళ్తున్నవారివి, వాళ్ల ఇంట్లోవారివి. అప్రెంటిస్ ఒప్పందాలు, అకౌంట్స్ పని బాగా తెలిసినవారి చేత జవాబులు రాయించాం.

ప్రశ్న: బీకాం పూర్తయింది. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఏడాదిపాటు ట్రైనీగా రమ్మంది. నెలకు 9,000 ఇస్తారట. ఆఫర్ లెటరులో ఒకచోట ‘ఇంటర్న్’ అనీ, ఇంకోచోట ‘అప్రెంటిస్’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? – ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ఒకటి కాదు. ఈ తేడా తేల్చుకోకుండా చేరొద్దు.

అప్రెంటిస్ అంటే 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద కంపెనీకీ మీకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అది ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. డిగ్రీ, డిప్లొమా చదివినవారికి ఆ పోర్టల్ పేరు నాట్స్. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండు డిగ్రీవారికి 9,000 రూపాయలు, డిప్లొమావారికి 8,000 అని పెట్టారు. కంపెనీ ఇంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. ఈ కనీస మొత్తంలో సగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. చేరే రోజుకు రేటు మారిందేమో పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి. మామూలు ఇంటర్న్‌కు ఈ రక్షణ ఏదీ లేదు. లెటరులో ఏం రాసి ఉంటే అదే. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మళ్లీ వేరు. అది మొదలైనప్పటి నిబంధనల్లో నెలకు 5,000, చేరినప్పుడు ఒకసారి 6,000 అని ఉంది.

కాబట్టి హెచ్ఆర్‌వారిని ఒకటే అడగండి: “నా ఒప్పందం నాట్స్‌లో నమోదు చేస్తారా? కాంట్రాక్టు నంబరు ఎప్పుడిస్తారు?” ముందుగా మీరే పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. తర్వాత కంపెనీ ఒప్పందం తయారుచేస్తుంది, మీరు ఒప్పుకుంటారు, అప్రెంటిస్ శిక్షణను చూసే ప్రాంతీయ బోర్డు ఆమోదిస్తుంది. ఏ బోర్డు అన్నది మీ ఊరిని బట్టి కాదు, పని చేసే చోటును బట్టి. విశాఖలో చేరితే చెన్నై బోర్డు, రాయగడ ఫ్యాక్టరీలో చేరితే కోల్‌కతా బోర్డు. గుణుపురం పిల్లలు చాలామంది ఇక్కడ తికమకపడి కోల్‌కతాకు మెయిళ్లు పెట్టి జవాబు రాలేదని కూర్చుంటారు.

అప్రెంటిస్ ఉద్యోగి కాదు, శిక్షణార్థి. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. పనిచేస్తూ దెబ్బ తగిలితే మాత్రం పరిహారం చట్టప్రకారం రావాలి. సెలవులు ఆ సంస్థలో అమల్లో ఉన్నవే మీకూ వర్తిస్తాయి. ఓవర్‌టైమ్‌కు అప్రెంటిస్‌షిప్ అధికారి అనుమతి కావాలి. రాత్రి తొమ్మిదిదాకా రోజూ ఉంచేస్తుంటే అది శిక్షణ కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర పెట్టమంటే పెట్టకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి.

ప్రశ్న: నాలుగు నెలలుగా కంపెనీ వాటా వస్తోంది, ప్రభుత్వ వాటా పడటం లేదు. బ్యాంకులో ఆధార్ లింకు అయిందనే చెబుతున్నారు. – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: బ్యాంకులో ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలో పడేలా సీడింగ్ కావడం వేరు. సీడింగ్ ఒక సమయంలో ఒక్క బ్యాంకుకే ఉంటుంది, చివర చేసినదే నిలుస్తుంది. సిమ్ తీసుకున్నప్పుడు దుకాణంలో పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిపించి ఉంటే, మీకు తెలియకుండానే సీడింగ్ అటు మారి ఉండొచ్చు. ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడండి, ఏ బ్యాంకో కనిపిస్తుంది. ముందు ఆ ఖాతాలో డబ్బు ఉందేమో చూడండి. తర్వాత మీకు కావలసిన బ్యాంకులో సీడింగ్ ఫారం నింపి ఇవ్వండి.

అది సరిగ్గానే ఉంటే పేరు చూడండి. మన జిల్లాల్లో ఇది పెద్ద తలనొప్పి. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా బడిలో చివర రాస్తారు. మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో ఒక వరుస, ఆధార్‌లో ఇంకో వరుస, పాస్‌బుక్‌లో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం. మనిషికి ఒకరే అనిపించినా కంప్యూటర్ ఒప్పుకోదు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్నదాన్నే ప్రమాణంగా పెట్టుకొని ఆధార్, బ్యాంకు, పోర్టల్ మూడూ దానికి సరిపెట్టండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి తొందరపడి తప్పు స్పెల్లింగు ఇవ్వకండి. ఈ పని చేరకముందే చేసుకోవలసింది. చేరాక దీనికోసం సెలవులు పెట్టడం కష్టం.

ప్రశ్న: రాయగడ దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ఏడాది అప్రెంటిస్‌ని. మూడు నెలలుగా బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కించడమే పని. ఏడాదంతా ఇంతేనా అని దిగులుగా ఉంది. – బీకాం విద్యార్థి

జవాబు: దిగులు న్యాయమే. కానీ మీ చేతిలో ఉన్న పని చిన్నది కాదు. బిల్లు ఎక్కించడం దగ్గర ఆగిపోతే టైపింగు, బిల్లును పరీక్షించడం మొదలుపెడితే అకౌంట్స్.

ప్రతి సరఫరా బిల్లుకూ మూడు కాగితాలు కలవాలి: కొనుగోలు ఆర్డరు, గోదాములో సరుకు దిగినట్టు రసీదు, సరఫరాదారు బిల్లు. ఆర్డరులో రేటు, రసీదులో పరిమాణం, బిల్లులో రెండూ. ఆర్డరు 500 కిలోలకు ఇచ్చారు, బిల్లు 500కే వచ్చింది, గోదాములో దిగింది 480 అనుకోండి. 480కే డబ్బు చెల్లాలి, మిగతా 20కి డబ్బు తగ్గిస్తున్నామని సరఫరాదారుకు డెబిట్ నోటు వెళ్లాలి. ఎక్కువ తగాదాలు పుట్టేది ఇక్కడే. లారీ రాత్రి వచ్చి, మర్నాడు తూకం వేసి, రసీదు తేదీ ఒకటి, గేటు రిజిస్టరు తేదీ ఇంకొకటి అవుతాయి. అందుకని గేటు ఎంట్రీ నంబరు కూడా చూడటం అలవాటు చేసుకోండి.

తర్వాత జీఎస్టీ. సరిహద్దు జిల్లాలో పనిచేసేవారికి ఇది ఇంకెక్కడా దొరకని పాఠం. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రం: ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. తర్వాతి పది పాన్. విశాఖ సరఫరాదారు (37) రాయగడ ఫ్యాక్టరీకి (21) సరుకు పంపితే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) ఉండాలి. రాయగడ దుకాణం ఇచ్చిన బిల్లయితే సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం పన్ను) సగం సగం ఉండాలి. పార్వతీపురం దుకాణదారు రాయగడ ఫ్యాక్టరీకి సరుకు పంపి, అలవాటుకొద్దీ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేస్తాడు. అది అలాగే ఎక్కించేస్తే కంపెనీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) చిక్కులో పడుతుంది. హోటలు బిల్లుల్లో ఇంకో మెలిక ఉంది. హోటలు ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే. విశాఖ ఆఫీసు ఉద్యోగి రాయగడలో దిగితే ఒడిశా పన్ను పడుతుంది, విశాఖ ఆఫీసు దానికి క్రెడిట్ తీసుకోలేదు.

ఇలాంటి తప్పు దొరికినప్పుడల్లా ఒక పుస్తకంలో రాయండి: తేదీ, తప్పు ఏ రకం, ఎలా తెలిసింది, ఎవరికి చెప్పారు, ఎలా సరిదిద్దారు. కంపెనీ పేర్లు, మొత్తాలు రాయొద్దు. ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కో వాట్సాప్‌కో పంపుకోవద్దు. నేర్చుకోవడానికే పంపుకున్నా అది రహస్య నిబంధన ఉల్లంఘనే, తీసేసే ప్రమాదం ఉంది. నెల రోజులయ్యాక ఆ పుస్తకంతో మీ పై అధికారి దగ్గరికి వెళ్లండి. “సార్, నాకు వేరే పని ఇవ్వండి” అంటే ఎవరూ పట్టించుకోరు. “బిల్లులు వెనక్కి పంపాల్సి వస్తున్న కారణాలు ఇవి. ఒక చెక్‌లిస్టు తయారుచేయనా? నెలాఖరున సరఫరాదారుల ఖాతాలు సరిపోల్చే పనిలో రెండు రోజులు కూర్చోనిస్తారా?” అనండి. వాళ్ల భారం తగ్గించే మాట కాబట్టి వింటారు. నెలాఖరు మూడు రోజులూ, మార్చి చివరా సెలవు పెట్టకండి. అసలు పని కనిపించేది అప్పుడే.

మూడు నెలలకోసారి మీ ప్రగతి నివేదిక కంపెనీ పంపాలి. అందులో ఏం రాస్తున్నారో అడిగి చూడండి. ‘డేటా ఎంట్రీ’ అని ఉంటే, మీ పుస్తకం చూపించి అసలు చేసిన పని రాయమనండి. అలా అడగడం తప్పు కాదు, మీ హక్కు.

ప్రశ్న: మా అబ్బాయి ఆఫీసులో అందరూ ఒడియా, హిందీ, ఇంగ్లీషు. మీటింగుల్లో నోరు విప్పడు. – ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, ఒడియా, తెలుగు రెండూ వచ్చిన పిల్లాడు సరఫరాదారులతో ఫోనులో మాట్లాడే చోట చాలా పనికొస్తాడు. ఆ పని అడిగి తీసుకోమనండి. మీటింగులో మాట్లాడటం కష్టమైతే, అయిన అరగంటలోగా ఎవరు ఏం చేయాలో నాలుగు వరుసల మెయిల్ రాసి పంపమనండి. ఇంగ్లీషు రాత త్వరగా దారిలో పడుతుంది.

ప్రశ్న: ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలా? – ఒక తండ్రి, రాయగడ

జవాబు: అక్కర్లేదు. చట్టం ప్రకారం కంపెనీకి ఆ బాధ్యత లేదు, విధానం దాని ఇష్టం. ఒకసారి ఈ శిక్షణ పూర్తిచేసినవారికి మళ్లీ గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరే అవకాశమూ ఉండదు. అందుకని తొమ్మిదో నెల నుంచే బయట దరఖాస్తులు మొదలుపెట్టమనండి. చివరి పదిహేను రోజుల్లో మూడు పనులు: నాలుగు త్రైమాసిక నివేదికలూ పోర్టల్‌లో చేరాయో లేదో చూసుకోవాలి, చేసిన పని వివరంగా ఉన్న లేఖ కంపెనీ లెటర్‌హెడ్‌పై తీసుకోవాలి, ఆఫీసు మెయిల్ మూసేయకముందే పోర్టల్‌లో సొంత మెయిల్, ఫోను నంబరు ఉన్నాయో సరిచూసుకోవాలి. బోర్డు ఇచ్చే ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ పోర్టల్‌లోకే వస్తుంది. నివేదికల్లో ఒకటి తగ్గినా అది ఆగిపోవచ్చు. అది చేతికొచ్చాక ఉపాధి కార్యాలయంలో ఏడాది అనుభవంగా నమోదు చేయించుకోవచ్చు.