పాలిచ్చే టైమ్‌లో పెద్దాడి పేచీ: నాకు పనికొచ్చింది ఇదీ

చంటిదానికి పాలివ్వడానికి కూర్చోగానే మూడేళ్ల బాబు మీదెక్కి పేచీ పెడుతున్నాడని, స్నేహితులు ‘ఏమైనా కావాలా’ అన్నా మొహమాటంతో ‘ఏం వద్దులే’ అనేస్తున్నానని రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే. మావాడైతే చెల్లి సాక్సు లాగేసి దిండు కింద దాచేసేవాడు!

అది మొండితనం కాదండి, అమ్మ తనకు లేకుండా పోతోందన్న దిగులు. పాలిచ్చేటప్పుడు మాత్రమే బయటికి తీసే ఒక డబ్బా పెట్టండి. అందులో ఓ బొమ్మల పుస్తకం, నాలుగు రంగు పెన్సిళ్లు చాలు. మిగతా వేళల్లో అది బీరువా పైనే. పేజీలు తిప్పేది వాడు, కథ చెప్పేది మీరు. నిద్ర కూడా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మావాడి సాయంత్రం ఏడుపుల్లో సగం నిద్ర చాలకే.

ఇక స్నేహితులంటారా, ఊరికే ‘సాయం’ అంటే వాళ్లకూ ఏం చేయాలో తోచదు. ‘మంగళవారం ఐదింటికి వచ్చి పెద్దాణ్ని అరగంట ఆడిస్తావా’ అని అడగండి. నేను ఆ మెసేజ్ రెండుసార్లు చెరిపేసి మూడోసారి పంపాను. ‘ఇన్నాళ్లూ అడగలేదేమే’ అని నా స్నేహితురాలు తిట్టి మరీ వచ్చింది.