స్పాండావ్ కోటలో ఈస్టర్ నైట్ల (మధ్యయుగపు గుర్రపు యోధుల) పండగకు చిన్నపిల్లలతో వెళ్లొచ్చా?

బెర్లిన్‌కు కొత్తగా వచ్చామని, ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప ఉన్నారని రాశారు. ఈస్టర్ సెలవుల్లో స్పాండావ్ కోటలో జరిగే మధ్యయుగ ఉత్సవంలో కత్తియుద్ధాలు చూసి పిల్లలు జడుసుకుంటారా, శాకాహారులకు తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. మేమూ ఇద్దరు చిన్నపిల్లలతోనే వెళ్లాం. కాకపోతే ఉత్సవం చూసేసి అటునుంచి అటే వచ్చేయకుండా, కోట చూడటానికి కూడా ఓ గంటన్నర ఉంచుకోండి.

ముందు భయం సంగతి. అక్కడ అందరూ ఎదురుచూసేది గుర్రాల మీద నైట్ల ఈటెల పోటీ. ఇలాంటి ప్రదర్శనల్లో ఈటె కొన మెత్తని చెక్కతో చేస్తారు. డాలుకు తగలగానే ఫెళ్లున విరిగి ముక్కలు ఎగురుతాయి. మా చిన్నది మొదటి చప్పుడుకే నా మెడ గట్టిగా పట్టేసుకుంది. కాసేపటికి దానికి కథ అర్థమైపోయింది. నల్లబట్టల యోధుడు దుర్మార్గుడు, వాడు ఓడిపోవాలి. ఇక భుజాల మీద కూర్చుని ఒకటే అరుపులు! జర్మన్ రాకపోయినా పర్వాలేదు, ఎవరు మంచివాళ్లో ఎవరు చెడ్డవాళ్లో పిల్లలే పట్టేస్తారు. మీ పాప పెద్ద శబ్దాలకు ఏడ్చే రకమైతే అడ్డంగా కట్టిన తాడు పక్కనే కాకుండా కాస్త వెనక నిలబడండి. డప్పులు, తిత్తి సన్నాయిలు వాయించే బృందాల దగ్గరా అంతే.

మూడేళ్ల పాపకు పోటీ కంటే చుట్టూ ఉండే చిన్న చిన్న ఆటలే ఎక్కువ నచ్చుతాయి. కరెంటు లేకుండా మనుషులు చేత్తో తిప్పే చెక్క రంగులరాట్నం ఉంటుంది. కమ్మరి కొలిమి దగ్గర ఎర్రగా కాలిన ఇనుమును సుత్తితో కొడుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మావాళ్లను అన్నిటికంటే కట్టిపడేసింది కొవ్వొత్తుల బల్ల. ఒత్తిని కరిగిన మైనంలో ముంచి తీయాలి, కాస్త ఆరనివ్వాలి, మళ్లీ ముంచాలి. ముంచిన ప్రతిసారీ పొర పొరగా లావెక్కుతుంది. క్షణం కుదురుగా ఉండని మా పెద్దాడు అక్కడ తన వంతు కోసం ఓపిగ్గా లైన్లో నిలబడ్డాడు. చెక్క కత్తి కొనిపెట్టమని గొడవ మాత్రం ఖాయం. అది వెళ్లేటప్పుడు కొందామని ముందే మాట తీసుకోండి, లేదంటే రోజంతా ఆ కత్తి మోయాల్సింది మీరే.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. హాండ్‌బ్రోట్ అని, వేడి వేడి బ్రెడ్ లోపల చీజ్, పుట్టగొడుగులు పెట్టి కాల్చి ఇస్తారు. హామ్ (పంది మాంసం) వేసింది కూడా ఉంటుంది కాబట్టి 'వెగెటారిష్' అని అడిగి తీసుకోండి. పల్చటి పిజ్జాలాంటి ఫ్లామ్‌కూఖెన్ మీద మామూలుగా పంది మాంసం ముక్కలు చల్లుతారు, 'ఓనె ష్పెక్' అంటే అవి లేకుండా ఇమ్మని. వేయించిన బాదం పప్పు పొట్లం కూడా దొరుకుతుంది. దుకాణాల వాళ్లు యూరోలను పాతకాలం పద్ధతిలో 'టాలర్' అంటారు, కంగారు పడకండి. చాలాచోట్ల కార్డు తీసుకోరు, చిల్లర ఉంచుకోండి.

ఇక కోట. మనం చూసే ఈ కోట నిజానికి నైట్ల కాలానిది కాదు, 1559 నుంచి 1594 వరకు ఫిరంగుల కాలంలో కట్టింది. గుండ్రటి బురుజైతే దాని పాదం దగ్గర శత్రువు దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. అందుకే నాలుగు మూలలా బాణం మొనలాంటి బురుజులు కట్టి, ఒకదాని మీద నుంచి ఇంకోదాని గోడను కాపాడుకునేలా చేశారు. గోడ మీద నిలబెట్టి చూపిస్తే ఆరేళ్ల వాడికి కూడా అర్థమవుతుంది. నిజంగా మధ్యయుగం నాటిది యూలియస్ టవర్. సుమారు 1200 ప్రాంతానిది, బెర్లిన్‌లోని అతి పాత కట్టడాల్లో ఒకటి. 1870-71 యుద్ధంలో గెలిచాక జర్మనీ ఫ్రాన్స్ దగ్గర వసూలు చేసిన సొమ్ములోంచి 12 కోట్ల మార్కుల బంగారు నాణేలను 1874 నుంచి ఇందులోనే దాచారు. ఈ సంగతి చెబితే పిల్లలు మెట్లెక్కడానికి మారాం చేయరు. పైనుంచి హాఫెల్ నది, కందకం, కింద గుడారాలు అన్నీ కనిపిస్తాయి. పాపను మాత్రం చెయ్యి వదలకండి.

ఏప్రిల్‌లో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. పడితే లోపల పాత విగ్రహాల మ్యూజియంలోకి వెళ్లండి. ఒకప్పుడు తూర్పు బెర్లిన్ కూడలిలో నిలబడిన లెనిన్ విగ్రహపు తల అక్కడ పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. పిల్లల కంటే ఆ గ్రానైట్ తలే పెద్దది.

యూ7 మెట్రోలో జిటాడెల్లె స్టేషన్‌లో దిగితే నడక దూరమే. లోపల రాళ్లు పరిచిన దారి, స్ట్రోలర్ తోయడం కష్టం, బేబీ క్యారియర్ మేలు. మధ్యాహ్నానికి జనం బాగా పెరుగుతారు కాబట్టి గేటు తీసే వేళకే చేరుకోండి. తేదీలు, టికెట్ ధర ఏటేటా మారుతుంటాయి, టవర్‌కు వేరే టికెట్ కావాలా అన్నది కూడా బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి.