రాయి సంగతి తర్వాత, ముందు పట్టాలో పేరు చూడు

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. పక్కోడు గట్టు నరికాడని, తాటిచెట్ల కాడి హద్దురాయి పీకి మన వైపు పాతేశాడని, శనివారం నలుగురు కుర్రాళ్లని వేసుకుని హైదరాబాద్ నుంచి వస్తున్నానని అన్నావు. రా. కానీ ఒక్కడివే రా.

నువ్వు చేద్దామనుకున్న పని నేను ముప్పై రెండేళ్ల వయసులో చేసేశాను. వానాకాలం, చీకట్లో గునపం పట్టుకెళ్లి, మోకాళ్ల దాకా బురదలో నిలబడి మా రాయి పీకి పాతచోటే పాతాను. తెల్లారేసరికి మా పక్క పొలంవాడు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చేశాడు, నేను ముద్దాయినయ్యాను. భూమి నాది, రాయి జరిపింది వాడు, అయినా నాలుగేళ్లు వాయిదాలకి తిరిగింది నేను. మీ అత్త గాజులు కూడా ఆ వాయిదాల్లోనే పోయాయి, ఇప్పటికీ దెప్పుతుంది.

సరే, పనిలోకి వద్దాం. మీ అమ్మ బియ్యం డబ్బాలో వేపాకుల మధ్య దాచిన కాగితం బయటికి తియ్యి. మడతల కాడ చిరిగిపోయి ఉంటుంది, మెల్లగా విప్పు. అమ్మినాయన ఎవరు, ఎంతకి అమ్మాడు, ఏ ప్లాటు (ఇక్కడ సర్వే నంబరుని అలాగే అంటారు) అన్నది చూసి నాకు చదివి వినిపించు. ఎంతకి అని ఎందుకు అడుగుతున్నానంటే, వంద రూపాయలు, అంతకు పైబడిన భూమి అమ్మకానికి రిజిస్ట్రీ ఉండి తీరాలని చట్టం. వందలోపుదైతే భూమి చేతికి అప్పగించినా అమ్మకం చెల్లుతుంది. మీ తాత 90 రూపాయలకి కొన్న మెరక ముక్క ఈ లెక్కలో బతికిపోతుంది. మీ నాన్న వేలకి వేలు పోసి తెల్లకాగితం మీద కొన్న పల్లం మాత్రం బతకదురా. ఆ కాగితంతో హక్కు రాదు. భూమి మన చేతికి ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అని చూపించడానికి కోర్టులో కొంత పనికొస్తుంది, అదీ స్టాంపు డబ్బు, జరిమానా కట్టాకే.

అందుకే రాయి కంటే నాకు పట్టా గురించే టెన్షన్. మన ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్లో ఆ ప్లాటు తీసి చూడు. అంతా ఒడియాలో ఉంటుంది, నీకు రాదు, ప్రింట్ తీసి వాట్సాప్‌లో పంపితే నేను చదువుతాను. మన ముసలాళ్లు కాగితాలన్నీ తెలుగులో రాసుకున్నారు, పట్టాలేమో ఒడియాలో వచ్చాయి, ఈ రెంటి మధ్యే సగం తగాదాలు పుట్టాయి మన గజపతి జిల్లాలో. ఇంకో మాట, గుంఠ అని కనపడితే మీ హైదరాబాద్ లెక్క వెయ్యకు. అక్కడ ఎకరానికి 40, ఇక్కడ 25. పది గుంఠలంటే ఇక్కడ నలభై సెంట్లు, నువ్వు పాతిక అనుకుని తగ్గిపోయిందని గోల పెడతావు.

పట్టాలో అమ్మినాయన పేరే ఇంకా ఉంటే అదృష్టం. ఆయన సవరో, ఇంకో గిరిజనుడో, దళితుడో అయితే మాత్రం అక్కడే ఆగు. మన మైదానం వైపు కూడా వాళ్ల భూములు బయటివాళ్లు కొనాలంటే ముందు రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి, లేకపోతే ఆ అమ్మకం చెల్లదు. గుమ్మ, ఉదయగిరి వైపు ఏజెన్సీలో గిరిజనుల భూముల అమ్మకాల మీద 1956లో వచ్చిన రెగ్యులేషన్ ఇంకా గట్టిది. అలాంటి భూమిలో పన్నెండేళ్లు దున్నాం కాబట్టి మనదే అనడం కుదరదు. నన్నడిగితే అలాంటిది తిరిగి ఇచ్చెయ్యడమే మర్యాద. మీ అమ్మకి ఈ మాట నచ్చదు, తెలుసు.

అలాంటిది కాకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రీల జాబితా, తీయించు, ఈ మధ్య ఎవరికైనా అమ్మేశారేమో తేలుతుంది. అమ్మలేదంటే ఆయన వారసులందరినీ పట్టుకో. అందరినీ అంటే పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లల్ని కూడా. ఒక్క చెల్లెలి సంతకం మిస్సయి మళ్లీ మొదటికొచ్చినవాళ్లని చూశాను. కొంత డబ్బిచ్చి అయినా సరే రిజిస్ట్రీ చేయించుకుని తహసీల్‌లో మ్యుటేషన్, అంటే పట్టాలో పేరు మార్పు, పెట్టు. ఈ రాయి జరిపినోడు నీకంటే ముందు వాళ్ల దగ్గరకి వెళ్లాడంటే మాత్రం కథ వేరే.

గట్టుకి ఏం చెయ్యాలంటావా, పోలీసులకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో. గొడవయ్యేలా ఉంటే మేజిస్ట్రేట్ ముందుకు వెళ్తుంది. అక్కడ భూమి ఎవరిదని అడగరు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని చూస్తారు, అంతకు ముందు రెండు నెలల్లోపు బలవంతంగా నెట్టేసి ఉంటే ఇంకా ఆ నెట్టించుకున్నవాడి చేతిలోనే ఉన్నట్టు లెక్కేస్తారు. నిన్ను బలవంతంగా నెట్టేస్తే ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు, హక్కు నిరూపించక్కర్లేదు, నీ అనుభవంలో ఉండేదని చూపిస్తే చాలు. ఆ గడువు దాటిందంటే అవతలివాడు హక్కు సంగతి కూడా లాగొచ్చు, మన దగ్గరేమో ఆ తెల్లకాగితమే ఉంది. కాబట్టి ఈ వారం నుంచే పోగెయ్యి. ఖజణా (శిస్తు) రసీదులు, కోత కోసిన కూలీల మాట, ఆ జీడిచెట్ల ఫొటోలు, ఏదున్నా. కొలతకి తహసీల్‌లో దరఖాస్తు పెడితే అమీను, అంటే సర్వేయరు, వస్తాడు. వాడు గొలుసు లాగేటప్పుడు పక్కోణ్ని కూడా పిలిపించి సంతకం పెట్టించు, లేకపోతే రేపు నాకు తెలీదంటాడు.

పలాసలో దిగి ఫోన్ చెయ్యి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకురా, లామినేషన్ మాత్రం చేయించకు.

మీ మావయ్య