చీటీలో రాసింది జబ్బు పేరు కాదు

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగరం దగ్గర పల్లె. మా గేదె ఈని ఐదో నెల నడుస్తోంది, ఇంకా ఎదకు రాలేదు. పర్లాకిమిడి తీసుకెళ్తే డాక్టరుగారు చెయ్యి పెట్టి చూసి, చీటీ మీద 'ఎనీస్ట్రస్' అని రాశారు. ఆయన ఒడియాలో చెప్పింది నాకు సగమే అర్థమైంది. మందుల షాపు కుర్రాడేమో అది గర్భసంచి జబ్బు అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా అమ్మాయి సైన్సు పుస్తకంలో 'ఈస్ట్రస్' అని ఉంది. రెండూ ఒకటేనా? గేదెను అమ్మేద్దాం అంటున్నారు మా ఆయన.

జవాబు: అమ్మా, ముందు గేదెను అమ్మకండి. ఈస్ట్రస్ అంటే మనం ఎద అనుకునేదే. ఎనీస్ట్రస్ అంటే ఎద లేని కాలం, అంతే. కొత్తగా ఈనిన పశువుకు కొన్నాళ్లు అది మామూలే. మీ గేదెకు ఐదో నెల వచ్చేసింది కాబట్టి డాక్టరుగారు రాసి పెట్టారు.

ఈ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. గ్రీకులో ఓయిస్ట్రోస్ అంటే జోరీగ. వాళ్ల పురాణంలో ఆవుగా మారిపోయిన ఇయో అనే అమ్మాయి మీదికి హేరా దేవత జోరీగను తోలుతుంది. అది కుడుతుంటే ఆ ఆవు దేశాలు పట్టి పరుగెడుతుంది. మేత మానేసి, తోక ఎత్తి, అరుస్తూ తిరిగే పశువుకు జోరీగ పేరు పెట్టడం నాకైతే బాగానే ఉందనిపిస్తుంది. 1900లో వాల్టర్ హీప్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఆ మాటకే ముందు తలొక ముక్క అతికించి ప్రోఈస్ట్రస్ (ఎదకు ముందు), మెటీస్ట్రస్ (ఎద దాటాక), డైఈస్ట్రస్ (ఆ తర్వాత మళ్లీ ఎద దగ్గరపడేదాకా), ఎనీస్ట్రస్ అని వాడుకలో పెట్టాడు. పశువుల ఆసుపత్రి ఉద్యోగానికి ట్రైనింగులో ఉన్నప్పుడు ఇవన్నీ బట్టీ పట్టి, పరీక్షలో ఒకదాని బదులు ఒకటి రాసి వచ్చాను.

ఒక ఎద నుంచి మరో ఎద దాకా చక్రం మొత్తం సుమారు 21 రోజులు. అందులో ఎద ఒక్క పూటో, ఒక్క రోజో. ఎక్కువ రోజులు డైఈస్ట్రస్‌వే. అండం విడుదలైన చోట ఒక పసుపుపచ్చటి ముద్ద తయారై, చూలు నిలబెట్టే హార్మోను ఇస్తుంది. చూలు నిలవకపోతే ఆ ముద్ద కరిగిపోయి పశువు మళ్లీ ఎదకు వస్తుంది.

ఇక మీ గేదె సంగతి. అది నిజంగా ఎదకు రావడం లేదా, వస్తున్నా మీరు చూడలేదా? అడిగానని కోపం తెచ్చుకోకండి. ఆవు అరిచి ఊరంతా చెబుతుంది, గేదె చెప్పదు. మూగ ఎద అనేది అందుకే. మా అమ్మ గేదె ఒకటి ఇలాగే నాలుగు నెలలు రాలేదని నేను లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాను. ఒక రోజు తెల్లవారుజామున పాలు పితకడానికి వెళ్లిన అమ్మ తిరిగొచ్చి, "ఇవాళ సరిగా చేపలేదురా, మాటిమాటికీ ఉచ్చ పోస్తోంది, చూలు కట్టే సూది వేయించు" అంది. వెళ్లి చూస్తే కింద జిగురు తీగలు కనిపించాయి. ఉద్యోగం నాది, చూపు ఆవిడది.

కాబట్టి పొద్దెక్కాక కాదు, చీకటి ఉండగానే శాలలోకి వెళ్లండి. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. పడుకున్న చోట తడి, జిగురు ఉందేమో చూడండి. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఆ రోజు తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకుని, 18వ రోజు నుంచి మళ్లీ కన్నేసి ఉంచండి.

నిజంగానే రాకపోతే మేత సంగతి చూడాలి. తిన్నదంతా పాలకే పోతుంటే ఒంటికి మిగలదు, ఒంట్లో సత్తువ లేనిదే ఎద రాదు. ఒట్టి గడ్డితో సరిపెట్టకుండా తవుడు, చెక్క, పచ్చమేత పెట్టండి. మినరల్ మిక్స్చర్ రోజూ ఉండాలి. ఎండాకాలమైతే నీడ, ఒంటి మీద నీళ్లు. గేదెలు ఎండల్లో కంటే వానలు తగ్గి చలి మొదలయ్యాకే ఎక్కువగా ఎదకు వస్తాయి.

ఒక్క జాగ్రత్త. మీ గేదె వంశధార ఒడ్డున దున్నపోతు ఉన్న మందలో మేస్తుంటే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. నెల నాళ్ల చూలు చేతికి తెలియదు. ఎదకు తెచ్చే సూదుల్లో కొన్ని ఆ పచ్చముద్దను కరిగిస్తాయి, చూలు ఉంటే పోతుంది. షాపు కుర్రాడి మాట మీద ఏ సూదీ కొనకండి.

ప్రశ్న: మా జెర్సీ పెయ్యకు సూది వేయించిన రెండో రోజు కాస్త రక్తం కనబడింది. సూది పోయినట్టేనా? (గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అలా అనుకోనక్కర్లేదు బాబూ. ఎద దాటాక వచ్చే దశ మెటీస్ట్రస్. ఆ రోజుల్లో, ముఖ్యంగా పెయ్యలకు, కొద్దిగా రక్తం కనబడుతుంది. ఆడవాళ్ల నెలసరి లాంటిది కాదు. చూలు నిలిచిందనీ కాదు, పోయిందనీ కాదు, ఎద వచ్చి వెళ్లిందని మాత్రమే. మూడో వారంలో మళ్లీ ఎద వస్తుందేమో చూడండి. రక్తం ఎక్కువగా పోతున్నా, వాసన వస్తున్నా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తోలుకెళ్లండి.